ఎండని వాగు

టెక్సస్‌లో ఆగస్టు ఎండ ఎలా ఉంటుందో తెలియనివారికి ఒక్క మాట చెబితే చాలు. ఉదయం ఎనిమిదింటికే కారు స్టీరింగ్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. ప్లేనోకి ఉత్తరంగా ఇరవై నిమిషాల డ్రైవ్‌లో ఉన్న విల్లోమోర్ అనే ఊళ్ళో ఆ ఏడు ఇళ్ళ ముందరి లాన్లన్నీ కొబ్బరిపీచు రంగుకు తిరిగాయి. ఊరికి నీళ్ళిచ్చే లేక్‌లో నీటిమట్టం పడిపోయిందని సిటీ వాళ్ళు, అంటే ఊరి మున్సిపాలిటీ, నీళ్ళ వాడకం మీద ఆంక్షలు పెట్టారు. ఊరి తూర్పున, ఎవరి మడిలో వాళ్ళు కూరగాయలు పండించుకునే కమ్యూనిటీ గార్డెన్‌కు కూడా వారానికి ఒక్కరోజే కుళాయి. అయినా ఆ గార్డెన్‌లో కొన్ని ప్లాట్లు పచ్చగా కళకళలాడుతున్నాయి. అన్నిటికన్నా పచ్చనిది పద్మనాభం గారి ప్లాట్.

పద్మనాభం గారు ఒంగోలు ఆర్టీసీ బస్టాండులో ముప్పై ఏళ్ళు కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యారు. మైకులో బస్సుల రాకపోకలు చెప్పి చెప్పి సానదేలిన గొంతు ఆయనది. మామూలుగా మాట్లాడినా నాలుగో ప్లాట్‌ఫారం దాకా వినిపిస్తుంది. కొడుకు అవినాష్‌కు సాఫ్ట్‌వేర్ కంపెనీలో, కోడలు నళినికి సిటీలో ఉద్యోగాలు స్థిరపడ్డాక, భార్య కృష్ణకుమారితో సహా ఇక్కడికి వచ్చి ఆరేళ్ళయింది. వచ్చిన ఏడాదే గార్డెన్‌లో ప్లాట్ తీసుకున్నారు. ఆయన్ని చూసి ఒక్కొక్కరే చేరి ఇప్పుడు ఇరవై రెండు తెలుగు కుటుంబాలయ్యాయి. గోంగూర విత్తనాలు ఎవరికి ఎన్ని ఇవ్వాలో, బీరపాదుకు పందిరి ఎంత ఎత్తు వెయ్యాలో, అన్నిటికీ ఆయన మాటే మాట.

ఆ పచ్చదనం వెనక రహస్యం గార్డెన్ వెనకాలే పారుతోంది. అదొక చిన్న వాగు. చుట్టుపక్కల వాగులన్నీ జూలైకే ఎండి రాళ్ళు తేలాయి. ఈ ఒక్క వాగు మాత్రం ఆగస్టు నడుమ కూడా మోకాలి లోతున తేటగా పారుతోంది. పారే నీటికి మైల ఉండదన్నది పద్మనాభం గారి చిన్ననాటి నమ్మకం. అందుకని రోజూ ఉదయం ఆరున్నరకే పెద్దలందరినీ వరుసలో నిలబెట్టి, వాగులోంచి తోట దాకా బకెట్లు చేతులు మార్పించేవారు. ఆయన బకెట్ నారింజ రంగుది. దాని మీద ఎర్ర పెయింటుతో ‘పద్మనాభం, ఒంగోలు’ అని తెలుగులో రాసుకున్నారు. పని అయ్యాక దాన్ని వాగు ఒడ్డున చెట్టుకొమ్మకు తగిలించి ఇంటికొచ్చేవారు.

“ఊర్ల వాగులన్ని ఎండినయ్ సార్. గిదొక్కటే ఎట్ల పారుతున్నదో!” అన్నారు ఒకరోజు కృష్ణమూర్తి గారు బకెట్ అందుకుంటూ. ఆయనది వరంగల్. పక్క ప్లాటే.

“దేవుడిచ్చిన నీళ్ళండీ. సిటీ వాళ్ళ కుళాయి మనకెందుకు?”

“మీ కోడలు కూడ సిటీల్నే కద సార్ జాబు?”

“అవునవును, వాటర్‌లో. పెద్ద ఇంజనీరు” అని పద్మనాభం గారు గబగబా బీరపాదు వైపు నడిచారు.

నళిని పనిచేసేది వాటర్‌లో కాదు, వేస్ట్‌వాటర్‌లో. ఊరివాళ్ళు స్నానాలగదుల్లో, వంటిళ్ళల్లో, ఇంకా మనం పైకి చెప్పుకోని చోట్లలో వాడి వదిలేసిన నీటిని శుభ్రం చేసే ప్లాంటుకు ఆమె ఇంజనీరు. ఆరేళ్ళుగా మామగారు ఆ ఉద్యోగం పేరులో మొదటి సగాన్ని నోట్లోనే మింగేస్తున్నారు. కోడలంటే ఆయనకు ప్రేమ లేక కాదు. ఆమె కారు గరాజ్‌లోకి వచ్చిన చప్పుడు వినగానే టీకి నీళ్ళు పెట్టే మనిషి. కానీ బంధువుల్లో కోడళ్ళందరూ బ్యాంకుల్లో, క్లౌడ్ కంపెనీల్లో ఉండగా తన కోడలు మురుగు దగ్గర ఉద్యోగం చేస్తోందని నలుగురిలో చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఈ జబ్బు పద్మనాభం గారి ఒక్కరిదే అయితే ఈ కథ రాయవలసిన పనే లేదు.

నళిని మూడేళ్ళు కష్టపడి ఒక ప్లాన్ తయారుచేసింది. ప్లాంటులో శుభ్రం చేసిన నీటిని ఊరికే వదిలేయకుండా, వేరే పైపులో ఊరి తూర్పువైపుకు తీసుకెళ్ళి పార్కులకు, హైస్కూల్ మైదానానికి, ఈ కమ్యూనిటీ గార్డెన్‌కు ఇవ్వాలన్నది ఆ ప్లాన్. తాగే నీటి పైపులతో పొరపాటున కలవకుండా ఈ పైపులకు ఊదా రంగు వేస్తారు. ఆ పైపు వస్తే గార్డెన్ బతుకుతుంది. రాకపోతే వచ్చే వేసవి నుంచి కుళాయి పూర్తిగా బంద్. తాగే నీళ్ళు తోటలకు పోయలేమని సిటీ తేల్చి చెప్పేసింది. మంగళవారం కౌన్సిల్ మీటింగులో దీని మీద ఓటింగ్.

అలాంటి సమయంలో నళిని బాస్ ఒక కాగితాల కట్ట ఆమె టేబుల్ మీద పెట్టాడు. మురుగునీళ్ళు మా కూరగాయలకు వద్దంటూ గార్డెన్ వాళ్ళు కౌన్సిల్‌కు పంపిన పిటిషన్ అది. తొంభై సంతకాలు ఉన్నాయి. కౌన్సిల్లో ఇద్దరు ముగ్గురు అప్పుడే వెనక్కి తగ్గుతున్నారట.

“ఈ మొదటి సంతకం ఏ భాషదో కానీ, చాలా అందంగా ఉంది” అన్నాడు బాస్.

నళిని చూసింది. గుండ్రటి అక్షరాలు, చివర ఒక పొడుగాటి గీత. అవి తన మామగారి అక్షరాలు. ఆమెకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చినంత పనయింది. మూడేళ్ళ కష్టానికి అడ్డం నిలబడింది తన ఇంట్లో మనిషే.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర గోంగూర పప్పు. పద్మనాభం గారు తోటలోంచి ఆ ఉదయమే కోసుకొచ్చిన గోంగూర. పదిహేనేళ్ళ మనవరాలు నిధి రెండోసారి వడ్డించుకుంటోంది.

“మామయ్య గారూ, పిటిషన్ మీద మీ సంతకం చూశాను” అంది నళిని మెల్లగా.

ఆయన చేతిలో ముద్ద తిరిగి కంచంలో పెట్టారు. “అది... నీ మీద కోపంతో కాదమ్మా. ఆ నీళ్ళతో పండించింది ఎట్టా తింటాం చెప్పు? దేవుడికి ఎట్టా పెడతాం?”

“ఈయన మాట పట్టించుకోకే. పెన్ను కనిపిస్తే సంతకం పెట్టే అలవాటు, డిపోలో నేర్చుకున్నారు” అంది కృష్ణకుమారి.

“మరి వారానికి ఒక్కరోజే కుళాయి కదా. గోంగూర ఇంత లేతగా ఎలా వచ్చింది మామయ్య గారూ?” అని అడిగింది నళిని.

ఆయన మొహం వెలిగింది. “వాగు నీళ్ళమ్మా! గార్డెన్ వెనకాల ఉందే, ఆ వాగు. ఊళ్ళో వాగులన్నీ ఎండినా అది ఎండలా. నెల రోజుల నుంచి దాని నీళ్ళే పోస్తన్నాం.”

నళినికి పొలమారింది. నిధి నీళ్ళు అందించింది. నళిని అవి తాగి, తల దించుకుని, నవ్వు కనిపించకుండా చాలాసేపు పెరుగు కలుపుకుంటూ కూర్చుంది.

“శనివారం మా ప్లాంట్ ఓపెన్ హౌస్. ఎవరైనా రావచ్చు. మీరు కూడా రండి మామయ్య గారూ. చూశాక కూడా వద్దనిపిస్తే మీ సంతకం మీదే. నేనేమీ అనను” అంది చివరికి.

“నాకెందుకమ్మా అదంతా...”

“నేను వెళ్తాను” అంది కృష్ణకుమారి. “ఆరేళ్ళయింది, కోడలి ఆఫీసు చూసిన పాపాన పోలేదు. మీరు ఇంట్లో కూర్చుని పాదులకు కాపలా కాయండి.”

భార్య వెళ్ళిన చోటికి తాను వెళ్ళకపోతే తర్వాత నెలరోజులు వినవలసి వస్తుందని పద్మనాభం గారికి తెలుసు. శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు రుమాళ్ళు పెట్టుకుని కారెక్కారు. ఒకటి ముక్కుకు. రెండోది, మొదటిది చాలకపోతే.

ప్లాంటు గేటు దగ్గర ఒక వాసన ఉన్నమాట నిజమే. ఆయన రుమాలు తీశారు. అక్కడ డెలోరెస్ అనే ఆపరేటర్ వాళ్ళను కలిసింది. ఇరవై ఆరేళ్ళుగా అక్కడే పనిచేస్తున్న పెద్దావిడ. మొదట జల్లెడ దగ్గరికి తీసుకెళ్ళింది. ఊరి మురుగంతా అక్కడికే వస్తుంది. అందులో పడకూడనివన్నీ ఆ జల్లెడకు చిక్కుతాయి. తడి రుమాళ్ళు, ప్లాస్టిక్ బొమ్మలు, ఒక పళ్ళసెట్టు కూడా దొరికిందట ఒకసారి. డెలోరెస్ ఒక కొక్కెంతో ఏదో చిన్న ఆకు తీసి, “నేను చేరిన కొత్తలో ఇది ఉండేది కాదు. పదేళ్ళుగా రోజూ వస్తోంది. ఏ చెట్టుదో మాకెవరికీ తెలియదు” అంది.

నిధి ఆమె మాటలు తెలుగులో చెప్పబోయి ఆకు చూసి ఆగిపోయింది. “తాతయ్యా, ఇట్స్ కరివేపాకు!”

కృష్ణకుమారి నవ్వాపుకోలేకపోయింది. “పోపులో వేసి తినకుండా పక్కన పెట్టేవాళ్ళందరికీ చెప్పాలి, మీ ఆకులు ఇక్కడ లెక్కకొస్తున్నాయని.”

అక్కణ్ణుంచి ఒక్కో తొట్టి దాటుతూ ముందుకు నడిచారు. నీళ్ళు కదలకుండా నిలబడి మడ్డి కిందికి దిగే తొట్లు, తర్వాత అడుగునుంచి గాలి ఊదుతూ ఉంటే కంటికి కనిపించని సూక్ష్మజీవులు మురికిని తినేసే తొట్లు, ఆ తర్వాత ఇసుకలోంచి వడకట్టే గదులు. చివర ఒక పొడుగాటి కాలువలో నీళ్ళ అడుగున దీపాలు వెలుగుతున్నాయి. మిగిలిన క్రిములు ఆ కాంతికి నశిస్తాయని నళిని చెప్పింది. నడిచిన కొద్దీ వాసన తగ్గుతూ వచ్చింది. నాలుగో తొట్టి దగ్గర పద్మనాభం గారు రుమాలు జేబులో పెట్టేసుకున్నారు. పెట్టుకున్నట్టు ఆయనకే తెలియదు.

డెలోరెస్ చివరి కాలువలోంచి ఒక గాజు గ్లాసు నిండా నీళ్ళు ముంచి ఎండకు పట్టి చూపించింది. అడుగున ఉన్న ఆమె వేలి గీతలు కనిపిస్తున్నాయి.

“తాగొచ్చా?” అన్నారు పద్మనాభం గారు.

“తాగడానికి ఇంకా పని ఉంది మామయ్య గారూ. ఇవి మొక్కలకి, లాన్లకి. అదీ ఆకుల మీద కొట్టకూడదు, డ్రిప్ పెట్టి వేళ్ళకే ఇవ్వాలి. రోజుకు మూడుసార్లు టెస్ట్ చేస్తాం. తేడా వస్తే బయటికి ఒక్క చుక్క వదలం.”

“మరి ఇప్పుడు ఇయ్యన్నీ ఎక్కడికి పోతన్నాయి?”

“చూపిస్తాను రండి” అంది నళిని.

ప్లాంటు వెనక గేటు తీసి ఒక గట్టు మీదకు తీసుకెళ్ళింది. అక్కడ పెద్ద సిమెంటు గొట్టంలోంచి తేటనీళ్ళు ఒక వాగులోకి దూకుతున్నాయి. గొట్టానికి ఎగువన వాగు మొత్తం ఎండిపోయి ఉంది. రాళ్ళు, ఎండుగడ్డి, ఒక పాత టైరు. గొట్టానికి దిగువన మాత్రం నిండుగా పారుతోంది. ఆ ఒడ్డునే కాలిబాట మీద నలుగురూ నడిచారు. పది నిమిషాలు నడిచారు. దారిలో ఒకావిడ కుక్కకు వాగులో స్నానం చేయిస్తోంది. ఒక మలుపు తిరిగారు.

చెట్టుకొమ్మకు నారింజరంగు బకెట్ వేలాడుతోంది. ‘పద్మనాభం, ఒంగోలు.’

ఆయన కొద్దిసేపు ఆ బకెట్‌నే చూశారు. తర్వాత వెనక్కి తిరిగి వచ్చిన దారి చూశారు. మళ్ళీ బకెట్ చూశారు. కృష్ణకుమారి మాత్రం అక్కడే రాతి మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

“నెల రోజుల నుంచి... నేను మోసింది...”

“మా ప్లాంట్ నీళ్ళే మామయ్య గారూ. అయితే ప్లాంట్ దగ్గర ఉన్నంత క్లీన్‌గా కాదు. దారిలో కుక్కలు, లాన్లకు కొట్టే మందులు, అన్నీ కలుస్తాయి. అందుకే వీటిని పైపులో తిన్నగా మీ తోటకు ఇద్దామంటున్నాను. రేపట్నుంచి మాత్రం ఈ వాగులో బకెట్ ముంచకండి.”

“నీకు ముందే తెలుసా?”

“మీరు పప్పు తింటూ చెప్పినప్పుడే తెలిసింది.”

“అప్పుడే చెప్పొచ్చుగా!”

“చెబితే మీరు కంచం ముందునుంచి లేచిపోయేవారు. అత్తయ్య అంత బాగా చేసిన పప్పు వేస్ట్ అయ్యేది” అంది నళిని.

“మరి ఈ వాగు చివరికి ఎక్కడికి పోద్ది?”

“కింద లేక్‌లోకి. ఆ లేక్ నీళ్ళు శుద్ధి చేసుకుని దిగువ ఊళ్ళవాళ్ళు తాగుతారు. మన పై ఊళ్ళవాళ్ళు వాడినవి మన లేక్‌లోకి వస్తాయి. మనం తాగుతాం.”

“ఆయనకి చెప్పు, ఆయనకి చెప్పు” అంది కృష్ణకుమారి కళ్ళు తుడుచుకుంటూ. “మా బెజవాడలో పుట్టినప్పట్నుంచీ కృష్ణ నీళ్ళే తాగాను. పైన ఎన్ని ఊళ్ళున్నాయి! వాళ్ళంతా స్నానాలు మానేసి కూర్చున్నారా?”

పద్మనాభం గారు బకెట్ కొమ్మ మీద నుంచి తీసి చేత్తో పట్టుకున్నారు. ఆయన మనసులో తిరుగుతున్నది వాగు కాదు. ఆరేళ్ళుగా ఈ పిల్ల రోజూ ఉదయాన్నే లేచి, ఆ గేటు దగ్గరి వాసనలోకి నడిచి వెళ్ళి, ఊరందరి మురికినీ ఇంత తేటగా చేసి వదులుతుంటే, తాను చేసిందేమిటి?

“నళినీ, ఆరేళ్ళుగా నీ ఉద్యోగం పేరు నేను సగమే చెప్తన్నానమ్మా నలుగురిలో” అన్నారు. గొంతు మొదటిసారి పక్క మనిషికి మాత్రమే వినిపించింది. “సిగ్గుపడ్డా. తప్పు నాది.”

ఆయనకు తెలియకూడదని నళిని దాచుకున్న బాధ ఒక్కసారిగా పైకొచ్చి కళ్ళు నిండాయి. “తెలుసు మామయ్య గారూ” అని మాత్రం అనగలిగింది. ఆయన చేతిలోంచి బకెట్ తీసుకుని నిధికిచ్చింది.

ఆదివారం నుంచి పద్మనాభం గారు బకెట్ల వరుస ఆపించారు కానీ, ఎందుకో తోటవాళ్ళకు చెప్పలేదు. మంగళవారం సాయంత్రం కౌన్సిల్ హాలు నిండింది. మాట్లాడదలచుకున్న ప్రతివారికీ మూడు నిమిషాలు. ముందు కృష్ణమూర్తి గారు మాట్లాడారు. ఇంగ్లీషులో మొదలుపెట్టి, ఆవేశంలో తెలుగులోకి వచ్చేశారు. “ఊర్ల మురికంత మా తోటలకు తెస్తరా? మా పద్మనాభం సార్ ఫస్ట్ సైన్ చేసిండు, అడగుండ్రి!”

వెనక వరుసల్లో తోటవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. పద్మనాభం గారు లేచారు. ఐదేళ్ళుగా తన మాట జవదాటని మనుషులు వాళ్ళు. ఇప్పుడు వాళ్ళందరి ముందూ తన మాట తానే కాదనాలి. పక్కన నిధి మైకు సర్దింది. ఆయన మైకును పక్కకు జరిపారు. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు.

“మొదటి సంతకం నాదే. ఈ సభలో దాన్ని వెనక్కి తీసుకుంటన్నా” అన్నారు. నిధి ఇంగ్లీషులో చెప్పింది.

“మా తోట పచ్చగా ఉందంటే వాగు నీళ్ళ వల్ల అనుకున్నాం. శనివారం నేను ఆ వాగు ఒడ్డునే నడిచి చూసొచ్చా. ఆ వాగు పుట్టేది మన ప్లాంటులోనే. నెల నుంచి మనం తిన్న గోంగూర ఆ నీళ్ళదే కృష్ణమూర్తి గారూ. మీరు పదిమందికి పంచిన బీరకాయలూ ఆ నీళ్ళయ్యే.”

కృష్ణమూర్తి గారి చెయ్యి ఎందుకో పొట్ట మీదకు వెళ్ళింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరుసలు దాటుకుంటూ కౌన్సిల్ వాళ్ళ దాకా పాకింది.

“నేను ముప్పై ఏళ్ళు బస్టాండులో పనిచేశా” అని కొనసాగించారు పద్మనాభం గారు. “ఒంగోలు నుంచి హైదరాబాదు పోయిన బస్సు తెల్లారేసరికి డిపోకి తిరిగొచ్చేది. లోపల అరటితొక్కలు, వేరుశనగ పొట్టు, వాంతులు. బయట బురద. దాన్ని చూసి ఎవరమూ పారెయ్యలా. డిపోలో కడిగేవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళు గంటలో కడిగి తుడిచి ఇస్తే అదే బస్సుని నేను మళ్ళీ మైకులో పిలిచేవాణ్ణి. జనం ఎక్కి కూర్చునేవాళ్ళు. ఒక ట్రిప్పు తిరిగొచ్చిందని ఎవరైనా బస్సుని పారేస్తారా? నీళ్ళనెందుకు పారేస్తన్నాం?”

నిధి దాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు వాంతుల దగ్గర ముఖం చిట్లించింది కానీ వదిలిపెట్టలేదు.

“ఇంకో మాట. ఆ బస్సులు కడిగినవాళ్ళ పేర్లు నేను ముప్పై ఏళ్ళలో ఒక్కరిదీ అడగలా. వాళ్ళు లేకపోతే నా మైకులో చెప్పడానికి ఒక్క బస్సు ఉండేది కాదు. ఇక్కడ నీళ్ళు కడిగేవాళ్ళలో ఒకావిడ పేరు డెలోరెస్. ఇంకొకావిడ పేరు నళిని. నా కోడలు.”

మూడు నిమిషాల గంట మోగింది. ఆ గంట వినిపించకుండా చప్పట్లు మోగాయి, ఆయన వెళ్ళి కూర్చున్నాకే ఆగాయి. ఓటింగ్‌లో ప్లాన్ ఐదుకు రెండుతో గెలిచింది. బయట పార్కింగ్‌లో కృష్ణమూర్తి గారు మూతి ముడుచుకుని నిలబడ్డారు. పద్మనాభం గారు దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పబోయారు.

“ఏం చెప్పకుండ్రి సార్” అన్నారు ఆయన. “మా ఇంట్ల రేపు గూడ బీరకాయ కూరే. గని ఒక్క ముచ్చట. ఆ పర్పుల్ పైప్ ముందుగాల నా ప్లాట్ కాడికి రావాలె!”

మరుసటి వసంతంలో ఊదారంగు పైపు గార్డెన్ గేటు దాకా వచ్చింది. నారింజ బకెట్ ఇప్పుడు కొత్తిమీర కుండీ అయింది. ఈ మధ్య ఇండియా నుంచి కొత్తగా వచ్చిన ఒక పెద్దాయన గార్డెన్‌లో పద్మనాభం గారిని పరిచయం చేసుకుని, కోడలు ఏం చేస్తుందని అడిగాడు. పద్మనాభం గారు పార నేలకు ఆనించి, నాలుగో ప్లాట్‌ఫారం దాకా వినిపించే గొంతుతో జవాబు చెప్పారు.

“వేస్ట్‌వాటర్ ట్రీట్‌మెంట్ ప్లాంట్‌లో ఇంజనీరండీ! నీళ్ళను పాడుచేసే మనం తలెత్తుకుని తిరుగుతన్నాం. వాటిని బాగుచేసే మనిషి పేరు చెప్పుకోవడానికి ఇంక సిగ్గెందుకు?”